పరిమాణమా, పరిణామమా?

మా విశ్వవిద్యాలయంలో ఒకే చదువుకి రెండు డిగ్రీలున్నాయి. ఇంతటి ఘనత దేశంలో ఇంకెక్కడైనా ఉందో లేదో నాకు తెలియదు. దీన్ని సాధించడానికి మహామహులెవరూ బుర్రలు బద్దలుకొట్టుకోలేదు. ఒక మకారమూ ఒక ణకారమూ కంప్యూటరులో కాసేపు చోట్లు మార్చుకుని కూర్చున్నాయి, అంతే. నేను తెలుగు శాఖలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. అక్షరం చోటు తప్పితే నాకు ఆ పూట అన్నం సయించదు. అందుచేత ఈ సంగతి నేనే చెప్పాలి.

మా వీసీ గారు ఒకసారి ముంబైలో ఏదో సదస్సుకి వెళ్ళారు. అక్కడ భోజనాల దగ్గర ఎవరో ఆయనతో, క్వాంటిటేటివ్ ఫైనాన్స్ చదివిన పిల్లలకి మొదటి నెలలోనే వీసీల జీతం కంటే ఎక్కువ వస్తోందని చెప్పారట. తిరుగు ప్రయాణంలో ఆయన విమానంలో ఇచ్చిన జీడిపప్పు పొట్లం కూడా విప్పలేదు. తన కంటే ఎక్కువ సంపాదించే కుర్రాళ్ళున్నారన్న బాధ ఒకటి, వాళ్ళ పట్టాల మీద తన సంతకం లేదన్న బాధ ఇంకొకటి. దిగీ దిగగానే ఆ కోర్సు మన దగ్గర పెట్టాలన్నారు.

మా దగ్గర ప్రతి కోర్సుకీ తెలుగు పేరు ఉండితీరాలన్నది నిబంధన. ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. షేర్ల ధరలు, అప్పుల మీద వడ్డీలు, బ్యాంకులు మునిగే అవకాశాలు ఇలాంటివన్నీ లెక్కలతో ముందే పసిగట్టే విద్య అని విచారించి తెలుసుకున్నాను. 'పరిమాణాత్మక విత్తశాస్త్రం' అని గుండ్రంగా రాసి పంపాను. పేరు నాకు ముచ్చటగానే అనిపించింది.

నాలుగు రోజులకి ఉత్తర్వు వచ్చింది. మొదటి పేజీలో 'పరిమాణాత్మక విత్తశాస్త్రం' అనే ఉంది. రెండో పేజీలో 'పరిణామాత్మక విత్తశాస్త్రం' అని ఉంది. నేను చెప్పులు సరిగ్గా వేసుకోకుండానే రిజిస్ట్రార్ గారి గదికి పరిగెత్తాను.

"అయ్యా, రెండో పేజీలో అక్షరాలు తారుమారయ్యాయండి. పరిమాణం అంటే ఎంత అని. పరిణామం అంటే చివరికి ఏమైంది అని. రెండూ వేరు" అన్నాను.

రిజిస్ట్రార్ గారు కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని, ఉత్తర్వు చదివారు.

"వేరు అని మీరే ధ్రువీకరిస్తున్నారు" అన్నారు.

"మాటలు వేరండీ. కోర్సు ఒకటే. అది అచ్చుతప్పు."

"పాలకమండలి ఆమోదం పొందిన ఉత్తర్వులో తప్పు ఉండుటకు నిబంధనలు అనుమతించవు. తప్పువలె కనిపించునది ఏదైనా ఉన్నచో, అది విధాన నిర్ణయం. మొదటి పేజీలో ఒక కోర్సు, రెండో పేజీలో ఒక కోర్సు. వెరసి రెండు. భాషావేత్తగా మీరు ఆ వ్యత్యాసాన్ని గుర్తించినందుకు విశ్వవిద్యాలయం తరఫున అభినందనలు."

ఆ అభినందనలు పట్టుకుని నేను ఇంటికొచ్చాను. ఆ పూట పప్పుచారు కూడా గొంతు దిగలేదు.

రెండు కోర్సులన్నాక రెండు విభాగాలు కావాలి. రెండు విభాగాలన్నాక ఇద్దరు అధిపతులు కావాలి. గణిత శాఖలో మంథా సోమయాజులు గారు, వాణిజ్య శాఖలో గన్నమని ప్రభాకరరావు గారు ఎప్పట్నుంచో అధిపతి కుర్చీ కోసం కాచుకుని ఉన్నారు. ప్రతిసారీ ఆ కుర్చీ మూడోవాడికి పోయేది. ఈసారి ఇద్దరికీ దక్కింది. సోమయాజులు గారికి పరిమాణం, ప్రభాకరరావు గారికి పరిణామం. గదులు ఖాళీ లేక ఒకే హాలు ఇచ్చి, మధ్యన ఆకుపచ్చ ఇనప బీరువా ఒకటి అడ్డంగా నిలబెట్టారు. బీరువా తలుపులు పరిమాణం వైపు, వీపు పరిణామం వైపు.

అడ్మిషన్లు మొదలయ్యాయి. మా దగ్గర పిల్లలు కోర్సు ఎంచుకోవడాన్ని ఆప్షన్ పెట్టడం అంటారు. కంప్యూటరు ముందు కూర్చుని ఒక మీట నొక్కితే ఆప్షన్ పెట్టినట్టు. ఒకసారి పెట్టాక మార్చడానికి లేదు. కడియంలో పూలమొక్కల నర్సరీ నడుపుకునే దంగేటి సత్తిబాబు గారు కూతురు జ్యోత్స్నని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆ పిల్ల డిగ్రీలో నా దగ్గర తెలుగు చదివింది. అసలు సబ్జెక్టు లెక్కలు. సంధులు విడగొట్టమన్నా లెక్క చేసినట్టే చేసేది. చివర్న జవాబు కింద రెండు గీతలు గీసేది.

"మాస్టారూ, మా అమ్మాయికి గ్రామీణ బ్యాంకులో గుమాస్తా ఉద్యోగం వచ్చిందండి" అన్నాడు సత్తిబాబు గారు. "ఈ సోమారం సాయంత్రం అయిదింటికల్లా వెళ్ళి చేరాలంట. ఇక్కడ ఆప్షన్ పెట్టడానికీ సోమారం అయిదింటికే ఆకరంటున్నారు. ఏదో ఒకటి వదులుకోవాలండి. మీరేమంటారు?"

నేను జ్యోత్స్న వైపు చూశాను.

"పాసుపుస్తకాల మీద ముద్రలు కొట్టుకునే సీటు నాకొద్దు మాస్టారూ" అంది ఆ పిల్ల. "ఎవరికి అప్పిస్తే బ్యాంకు మునిగిపోతుందో ముందే లెక్కగట్టి చెప్పేవాళ్ళు ఉంటారంట కదా, ఆ సీటు కావాలి. ఈ రెండు కోర్సుల్లో ఏది చదివితే ఆ సీటు వస్తుందో చెబితే, బ్యాంకు ఉద్యోగం ఇప్పుడే వదిలేస్తాను."

అడిగిన ప్రశ్న చిన్నదే. విశ్వవిద్యాలయంలో దానికి జవాబు చెప్పగలవాళ్ళు ఇద్దరున్నారు కనక ఇద్దరి దగ్గరికీ తీసుకెళ్ళాను.

సోమయాజులు గారు లేచి నిలబడి మరీ చెప్పారు. "పరిమాణాత్మక విత్తశాస్త్రం అనగా 'ఎంత?' అను మౌలిక ప్రశ్నను అధిష్ఠించిన మహావిజ్ఞానం."

"చాలా సంతోషమండి" అన్నాడు సత్తిబాబు గారు. "ఇది చదివితే ఉద్యోగం వస్తాదాండి?"

"వస్తుందా రాదా అనునది మా పరిధిలోనికి రాదు. వస్తే ఎంత వస్తుంది అనునదే మా పరిధి. వస్తుందా రాదా అనునది పరిణామం. పక్క విభాగం."

బీరువా చుట్టూ తిరిగి పక్క విభాగానికి వెళ్ళాం. ప్రభాకరరావు గారు కూర్చునే చెప్పారు, కానీ కళ్ళు మూసుకుని చెప్పారు.

"ఉద్యోగం వచ్చిన పిమ్మట ఏమగును అనునది మేము సమగ్రముగా బోధిస్తాం. వచ్చుటకు ఎంత అవకాశం అనునది మాత్రం పరిమాణం. పక్క విభాగం."

సత్తిబాబు గారు బీరువా చుట్టూ రెండోసారి తిరగబోతే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. తండ్రీకూతుళ్ళని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళి ఉన్నమాట చెప్పేశాను. "అమ్మా, ఈ రెండూ ఒకటే. ఒకటి నేను రాసింది, రెండోది టైపులో పడింది."

జ్యోత్స్న మొదట నమ్మలేదు. తర్వాత కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి నవ్వి, కళ్ళు తుడుచుకుని, "అయితే ఏది పెట్టమంటారు మాస్టారూ?" అంది.

రెండూ వేరైతే ఏది మంచిదో చెప్పొచ్చు. రెండూ ఒకటే అయినప్పుడు ఎవరు మాత్రం ఏం చెబుతారు? ఊరికే చున్నీ కొంగుతో ఆడుకుంటున్న ఆ పిల్లని చూస్తూ నిలబడ్డాను.

ఆ రోజు వచ్చిన పిల్లలెవరూ ఆప్షన్ పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో కారణం రాయమంటే, అందరూ కూడబలుక్కున్నట్టు 'ఏదైనా పర్లేదు' అని రాశారు. వీసీ గారు ఉలిక్కిపడ్డారు. యువతరంలో ఎంపిక దారిద్ర్యం ప్రబలిందని ఆయన నిర్ధారించి, అప్పటికప్పుడు 'భేద నిరూపణ సంఘం' వేశారు. అధ్యక్షులు ఆయన. సభ్యులు ఇద్దరు అధిపతులు, రిజిస్ట్రార్ గారు, నేను. వ్యత్యాసాన్ని మొట్టమొదట గుర్తించినవాణ్ణి కనక నాకు చోటు దక్కిందన్నారు.

సంఘం మర్నాడే కూర్చుంది. ఎటూ తేలక, ముంబైలో ఒక పెద్ద కంపెనీ అధికారికి వీసీ గారు ఫోను చేసి, అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు. మీకు పరిమాణం చదివినవాళ్ళు కావాలా, పరిణామం చదివినవాళ్ళు కావాలా అని అడిగారు. అవతలాయన ఇంగ్లీషులో వాటినేమంటారని అడిగాడు. రెంటినీ క్వాంటిటేటివ్ ఫైనాన్స్ అనే అంటామన్నారు వీసీ గారు. అవతలాయన, ఏదైనా పర్లేదు అని ఫోను పెట్టేశాడు.

"చూశారా" అన్నారు వీసీ గారు మావైపు తిరిగి. "ఇంగ్లీషు పరిమితమైన భాష. ఇంతటి సూక్ష్మం అందులో ఇమడదు."

"భేదం సహజంగా కనిపించనప్పుడు భేదాన్ని కల్పించుట పరిపాలన ధర్మం" అన్నారు రిజిస్ట్రార్ గారు. "రెండు విభాగాలకూ పాఠ్యపుస్తకం ఒకటే ఉంది. ఒకే విషయాన్ని రెండుచోట్ల బోధించుట ప్రజాధనం దుర్వినియోగం."

దాంతో చిక్కు విడిపోయింది. ఎంత అన్నది ముందు తేలాలి కాబట్టి పుస్తకం ముందు సగం సోమయాజులు గారిది. పరిణామం ఎప్పుడైనా చివర్లోనే వస్తుంది కాబట్టి వెనక సగం ప్రభాకరరావు గారిది. అక్కడికక్కడే పుస్తకాన్ని రెండుగా చీల్చారు. ఆ చీలిక సరిగ్గా ఒక లెక్క మధ్యలోంచి పోయింది. ప్రశ్న ఇటు, జవాబు అటు. పరిమాణం విద్యార్థి పరిణామం తరగతిలో కూర్చోరాదు, పరిణామం విద్యార్థి పరిమాణం తరగతిలో కూర్చోరాదు అని తీర్మానం రాశారు. పనిలో పనిగా, ప్రతి విద్యార్థీ తాను ఎంచుకున్న కోర్సు ఎందుకు మేలైనదో లెక్కగట్టి నిరూపించాలని ఇంకో తీర్మానం కూడా రాశారు. ఆ లెక్క కట్టడం నేర్పేది ఆ కోర్సులోనే కదండీ అన్నాను నేను. అందుకే కోర్సుకు గిరాకీ ఉంటుందన్నారు వీసీ గారు.

సోమవారం పొద్దున్నే జ్యోత్స్న తన లెక్క పట్టుకుని హాలుకి వచ్చింది. బయట సత్తిబాబు గారి మోటారు సైకిలు బ్యాంకు వైపు తిప్పి పెట్టే ఉంది. సంఘం అంతా బీరువాకి ఇటూ అటూ కూర్చుంది.

ఆ పిల్ల నిరూపణ నాలుగు వరుసలే. రెండు కోర్సుల విలువా సమానం, తేడా సున్నా, కాబట్టి ఎంపికకి విలువ సున్నా. కింద రెండు గీతలు.

"అద్భుతం!" అన్నారు సోమయాజులు గారు. "సున్నాని ఇంత స్పష్టంగా సాధించిన వాళ్ళని నేను చూడలేదు. ఈ అమ్మాయి మా విభాగానికే రావాలి."

"సున్నా అన్నది ఫలితం. ఫలితం పరిణామం. మా విభాగానికి రావాలి" అన్నారు ప్రభాకరరావు గారు బీరువా వెనకనుంచి.

"ఇంతకీ ఏ ఆప్షన్ పెడుతున్నావమ్మా?" అన్నారు రిజిస్ట్రార్ గారు.

"పెట్టకపోతే ఏవండీ?" అంది జ్యోత్స్న. "ఆప్షన్ అంటే హక్కే గానీ బాధ్యత కాదని ఈ పుస్తకం మొదట్లోనే ఉందంట కదండి. ఇష్టమైతే షేరు కొనొచ్చు, లేకపోతే మానెయ్యొచ్చు అని."

"ఉంది! ఉంది! నా సగంలోనే ఉంది!" అని సోమయాజులు గారు పొంగిపోయారు.

రిజిస్ట్రార్ గారు మాత్రం చలించలేదు. "అది విత్తశాస్త్రంలో ఆప్షన్. ఇది అడ్మిషన్లలో ఆప్షన్. ఇక్కడ హక్కులుండవు, బాధ్యతలే ఉంటాయి."

అప్పటిదాకా ఓపిగ్గా విన్న సత్తిబాబు గారు జేబులోంచి పది రూపాయల బిళ్ళ తీశాడు. "అయ్యా, రెండూ ఒకటే అంటున్నారు గదా, ఎగరేసేద్దారండీ. బొమ్మ పడితే ఈ అయ్యగారు, బొరుసు పడితే ఆ అయ్యగారు. అవతల బ్యాంకు కట్టేస్తారండి."

వీసీ గారి కళ్ళు మెరిశాయి. యాదృచ్ఛిక ఎంపిక అన్నది అంతర్జాతీయ ప్రమాణాలకు అనుగుణమైన పద్ధతి అని ఆయన ప్రకటించారు. బిళ్ళ ఎవరు ఎగరెయ్యాలన్న దాని మీద చర్చ జరిగింది. అధిపతులిద్దరూ ఒకరినొకరు నమ్మలేదు. చివరికి వీసీ గారే లేచి, శిలాఫలకం ఆవిష్కరించినంత గంభీరంగా ఎగరేశారు. బిళ్ళ గాల్లో గిర్రున తిరిగి, నేల మీద పడి, అంచు మీద దొర్లుకుంటూ దొర్లుకుంటూ వెళ్ళి బీరువా కిందికి దూరింది.

నేను వంగబోయాను.

"ఆగండి!" అన్నారు రిజిస్ట్రార్ గారు. "ఆ చోటు ఎవరి పరిధి?"

తలుపులు ఇటే తెరుచుకుంటాయి కాబట్టి బీరువా కింది భాగం తమదే అన్నారు సోమయాజులు గారు. వీపు లేకుండా బీరువా నిలబడదు కాబట్టి తమదే అన్నారు ప్రభాకరరావు గారు. ఒకరు వంగి చూస్తే రెండోవారు ఒప్పుకోరు. ఇద్దరూ కలిసి వంగడానికి ఉమ్మడి అనుమతి కావాలి. ఉమ్మడి అనుమతి ఇవ్వడానికి పాలకమండలి కూర్చోవాలి.

"ఫలితం వెలువడినది" అని రిజిస్ట్రార్ గారు రాసుకున్నారు. "ప్రకటన పెండింగులో ఉన్నది."

"మరి నా బిళ్ళండి?" అన్నాడు సత్తిబాబు గారు.

"అది ప్రస్తుతం అధికారిక ఫలితం. తాకరాదు."

మధ్యాహ్నం దాటిపోతోంది. జ్యోత్స్న మెట్ల మీద కూర్చుని గోడ గడియారం కేసి చూస్తోంది. సత్తిబాబు గారు మోటారు సైకిలు దగ్గరికి వెళ్ళడం, రావడం. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇరవై రెండేళ్ళ పిల్ల బతుకు నా ణకారం మీద వేలాడుతోంది. రిజిస్ట్రార్ గారి గదిలోకి తలుపు తట్టకుండానే దూరాను.

"అయ్యా, మీ నిబంధనలకి దండం పెడతాను. ఆ ఉత్తర్వు సరిదిద్దండి. ఒక్క వాక్యం చాలు. పరిణామాత్మక అన్నచోట పరిమాణాత్మక అని చదువుకొనవలెను. అంతే. ఆ పిల్ల బ్యాంకు ఉద్యోగం కూడా పోయేలా ఉంది."

నేను పెట్టిన దండం దించకపోవడం చూసి ఆయన కొంచెం మెత్తబడ్డారు. తప్పు దిద్దడం కుదరదు గానీ, సవరణ చేయడానికి తమకు అభ్యంతరం లేదన్నారు. లోపల టైపు చప్పుడైంది. నాలుగు గంటలకి సవరణ ఉత్తర్వు వేడివేడిగా బయటికొచ్చింది.

'పరిణామాత్మక అని ఉన్నచోట పరిమాణాత్మక అనియు, పరిమాణాత్మక అని ఉన్నచోట పరిణామాత్మక అనియు చదువుకొనవలెను.'

నేను చదివేలోపే హాల్లో సందడి మొదలైంది. సోమయాజులు గారు తన కుర్చీ, సగం పుస్తకం పట్టుకుని బీరువాకి అటువైపు వెళ్తున్నారు. ప్రభాకరరావు గారు తన కుర్చీ, మిగతా సగం పుస్తకం పట్టుకుని ఇటు వస్తున్నారు. మధ్యలో ఎదురుపడి ఒకరికొకరు నమస్కారం కూడా పెట్టుకున్నారు. బోర్డులు మారిపోయాయి. అంతా ఎప్పటిలాగే ఉంది, కాకపోతే ఎడమ కుడి అయింది.

ఉత్తర్వు అడుగున ఇంకో వాక్యం ఉంది. 'ఈ సవరణ పరిమాణాత్మక విత్తనశాస్త్రం కోర్సుకు నేటి నుండి వర్తించును.'

విత్తశాస్త్రంలో నకారం ఒకటి ఎక్కువైంది. డబ్బు కాస్తా గింజలయ్యాయి. నాకు నిజంగానే ఏడుపొచ్చింది. రిజిస్ట్రార్ గారు నా భుజం మీదుగా చదివి, వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు.

"మూడు" అన్నారు సంతృప్తిగా.

ఆ కాగితం తీసుకెళ్ళి జ్యోత్స్న చేతిలో పెట్టాను. "నన్ను క్షమించమ్మా. బాగుచేద్దామని వెళ్ళి ఇంకోటి పుట్టించుకొచ్చాను. నా మాట విని వెళ్ళి బ్యాంకులో చేరిపో" అన్నాను.

ఆ పిల్ల ఉత్తర్వు ఒకసారి చదివింది. గోడకి అంటించిన సంఘం తీర్మానాలు ఒకసారి చదివింది. మళ్ళీ ఉత్తర్వు చదివింది. సంధి విడగొట్టేటప్పుడు మొహం ఎలా పెట్టేదో అలా పెట్టింది.

"మాస్టారూ, పరిమాణం వాళ్ళు పరిణామం క్లాసులో కూర్చోకూడదు. పరిణామం వాళ్ళు పరిమాణం క్లాసులో కూర్చోకూడదు. అంతేనా?"

"అంతే."

"విత్తనశాస్త్రం వాళ్ళు కూర్చోకూడదని ఎక్కడైనా ఉందా?"

నేను గోడ దగ్గరికెళ్ళి తీర్మానాలు ఇంకోసారి చదివాను. ఎక్కడా లేదు.

"దీనికి హెచ్ఓడీ కూడా లేరు. వద్దనేవాళ్ళే లేరు. పుస్తకం మొత్తం చదువుకోవచ్చు."

సత్తిబాబు గారు ఆ కాగితం అందుకున్నాడు. "విత్తనాలంటే మనకి తెలిసిన సరుకేనే తల్లీ. ఏదీ లేకపోతే మన నర్సరీ ఉంది. పెట్టెయ్" అన్నాడు. కానీ అంటున్నప్పుడు ఆయన చూపు మోటారు సైకిలు మీదే ఉంది.

అయిదుకి పావుగంట ముందు జ్యోత్స్న మీట నొక్కింది. చేతికొచ్చిన ఉద్యోగం ఆ నొక్కుతో పోయింది. ఇంటికెళ్ళేవరకూ ఆ మీట చప్పుడు నా చెవుల్లోనే ఉంది.

మిగతా పిల్లలు పరిమాణమో పరిణామమో కళ్ళు మూసుకుని నొక్కేశారు. ఆ కోర్సు రెండేళ్ళూ విత్తనశాస్త్రం విభాగంలో ఉన్నది జ్యోత్స్న ఒక్కతే. గదీ లేదు, అధిపతీ లేడు. పొద్దున బీరువాకి ఇటు కూర్చునేది, మధ్యాహ్నం అటు కూర్చునేది. ఎవరైనా అడిగితే తాను విత్తనాలని చెప్పేది. ఇద్దరు అధిపతులూ తమ గొప్ప విని విత్తనాల విభాగం నుంచి వచ్చిన అతిథి విద్యార్థిని అనుకుని ఆ పిల్లకి మరింత శ్రద్ధగా పాఠం చెప్పేవారు. చిరిగిన లెక్కలో ఇటు ప్రశ్నా అటు జవాబూ రెండూ ఎక్కించుకున్నది మా క్యాంపస్‌లో ఆమె ఒక్కతే.

రెండో ఏడాది చివర్న ముంబై నుంచి కంపెనీలు వచ్చాయి. పరిమాణం వాళ్ళందర్నీ వరసగా పిలిచారు. వాళ్ళు ప్రతి లెక్కకీ ప్రశ్న ఎంతో అందంగా వేసి, అక్కడితో ఆగిపోయారు. తర్వాత పరిణామం వాళ్ళని పిలిచారు. వాళ్ళు జవాబు ఠక్కున చెప్పి, ఇది దేనికి జవాబు సార్ అని అడిగారు. మధ్యాహ్నం భోజనాలకి ముందే కంపెనీలు సామాను సర్దుకున్నాయి. పంటల బీమా కంపెనీ నుంచి వచ్చిన మేడమ్ ఒకావిడ మాత్రం కాఫీ కోసం ఆగింది. ఆగింది కదాని జ్యోత్స్నని లోపలికి పంపాను.

ఆవిడ ఒక లెక్క ఇచ్చింది. జ్యోత్స్న ప్రశ్నా విడమరిచింది, జవాబూ చెప్పింది, కింద రెండు గీతలూ గీసింది. ఆవిడ మార్కుల జాబితా తీసుకుని చూసి, విత్తనాలా అని ఆశ్చర్యపోయింది. తర్వాత కుర్చీ ముందుకి జరుపుకుంది. ఏ ఊళ్ళో ఏ పంటకి ఎంత బీమా ఇస్తే కంపెనీ మునుగుతుందో చెప్పగల మనిషి కోసం ఏడాదిగా వెతుకుతున్నారట. లెక్కలొచ్చినవాళ్ళకి విత్తనం మొలిచేది భూమిలోంచో డబ్బాలోంచో తెలియట్లేదట. విత్తనం తెలిసినవాళ్ళకి లెక్కలు రావట్లేదట. నారుమడిలో ఎన్ని మొక్కలు చస్తాయో చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగిన ఆ పిల్లని అక్కడికక్కడే తీసుకుంది. ఎవరికిస్తే మునుగుతామో లెక్కగట్టే సీటే. నాకు ఆ సాయంత్రం ఎన్నాళ్ళకో అన్నం సయించింది.

మర్నాడు వీసీ గారు సభ పెట్టారు. విత్తనశాస్త్ర విభాగం నూటికి నూరు శాతం ఉపాధి సాధించిందని ప్రకటించారు. ఈ విజయానికి మూలం ఏమిటో లోతుగా పరిశోధించగా, అది అచ్చుతప్పు అని తేలిందన్నారు.

"కావున మన టైపు సెక్షనుకు ఇకపై 'నూతన విద్యా సృజన కేంద్రం' అని నామకరణం చేస్తున్నాం. తెలుగు శాఖ వారు ఉత్తర్వులను దిద్దుట నేటి నుండి నిషిద్ధం. దిద్దుబాటు వలన ఎన్ని కోర్సులు పుట్టకుండానే నశించాయో ఊహించండి!"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

ఆ వారమే కొత్త ఫైలు నా బల్ల మీదికి వచ్చింది. కంప్యూటర్లకి తెలివి నేర్పే చదువుకి తెలుగు పేరు కావాలట. 'కృత్రిమ మేధ' అని రాశాను. ధకారం కింద ఒత్తు నల్లగా, లావుగా, గుడ్డివాడికి కూడా తగిలేలా దిద్ది మరీ పంపాను. ఉత్తర్వు వచ్చింది. 'కృత్రిమ మేత.' తీసిన కలం మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాను. దిద్దుట నిషిద్ధం కదా.

కొత్త విభాగానికి చోటు కోసం హాల్లో బీరువాని పక్కకి జరిపిస్తుంటే, సత్తిబాబు గారు కూతురికి జీతం వచ్చిందని గులాబీ మొక్క ఒకటి పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. నలుగురు కూలీలు బీరువా ఎత్తగానే దుమ్ములో ఆ పది రూపాయల బిళ్ళ కనపడింది. ఇద్దరు అధిపతులూ కుర్చీలు తన్నుకుంటూ పరిగెత్తుకొచ్చారు.

"ఎవరూ తాకొద్దు! ముందు ఫలితం చూడాలి!"

వాళ్ళు వంగేలోపే సత్తిబాబు గారు బిళ్ళ తీసి, పంచెకి తుడిచి, జేబులో వేసుకున్నాడు.

"బొమ్మా, బొరుసా?" అని అధిపతులిద్దరూ ఒక్క గొంతుతో అరిచారు.

"చూళ్ళేదండి" అన్నాడు ఆయన. "ఇప్పుడు చూసేం చేస్తామండీ."

గేటు దాకా ఆయన్ని సాగనంపడానికి వెళ్ళాను. మోటారు సైకిలు స్టార్టు చేయబోతూ ఆగాడు.

"మాస్టారూ, మా తమ్ముడి కొడుకు ఈ ఏడు డిగ్రీ పాసయ్యాడండి. ఇక్కడ ఆప్షన్ పెట్టాలంటన్నాడు. ఏది పెట్టించమంటారు? ఆ రోజు మా అమ్మాయి అడిగితే మీరు నోరు విప్పలేదు. ఈసారైనా చెప్పాలండి."

ఈసారి నేను తడుముకోలేదు.

"ఏ కోర్సు పేరులో అచ్చుతప్పు ఉందో చూసి, అది పెట్టించండి" అన్నాను.

ఆయన తలూపి, బండి స్టార్టు చేసి, మళ్ళీ అనుమానంగా నా వైపు తిరిగాడు. "అన్నిట్లోనూ తప్పులే ఉంటేనండీ?"

"జేబులో బిళ్ళ ఉందిగా" అన్నాను.